కొమ్మూ ట్రంపెట్టూ: పాత నాదం, కొత్త ప్రయోగం



హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఉండే మీకు కొమ్ము వాయిద్యాన్ని కొత్తగా పరిచయం చెయ్యవలసిన పని లేదు. జాతరలో, అమ్మవారి ఊరేగింపులో, తేరు కదిలే వేళ, తప్పెటల హోరును చీల్చుకుంటూ పైకి లేచే ఆ వంకర ఇత్తడి గొట్టం పలుకు మీ చెవులకు అలవాటే. మనం దాన్ని కొమ్ము అంటాం. తమిళంలో కొంబు అంటారు, కన్నడంలోనూ కొంబే అంటారు. మూడు భాషలు కలిసిన మన సరిహద్దులో మూడు భాషల వాళ్ళూ ఇంచుమించు ఒకే మాటతో పిలిచే వాయిద్యం ఇది. పశువు తలమీది కొమ్మును ఊది శబ్దం పుట్టించిన కాలం నాటి పేరు, లోహం వచ్చిన తరువాత కూడా అలాగే నిలిచిపోయింది.

ఈ రోజు నేను మీతో మాట్లాడదలచుకున్నది ట్రంపెట్ బృందాల గురించి. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్ళు వాయించే ట్రంపెట్టే, కాని సినిమా పాటలు వాయించే బృందాలు కావు. యూరపులో, అమెరికాలో కొందరు కళాకారులు మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి ట్రంపెట్ పద్ధతిని వెలికితీసి, దాన్ని నేటి ప్రయోగ సంగీతంతో కలిపారు. ఆ పనికీ మన ఊరి కొమ్ముకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. అదేమిటో తెలిస్తే రేపు జాతరలో కొమ్మును మరోలా వింటారు.

ముందుగా ఒక చిన్న శాస్త్ర విషయం చెప్పుకుందాం. బ్యాండు మేళంలోని ట్రంపెట్‌కు మూడు మీటలు ఉంటాయి. వాటిని వాల్వులు అంటారు. మీట నొక్కితే గాలి మరికొంత గొట్టం చుట్టి వస్తుంది, స్వరం తగ్గుతుంది. ఇవి ట్రంపెట్‌తో పాటు పుట్టినవి కావు. జర్మనీలో ష్టోల్‌జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు 1818లో వాల్వుకు పేటెంటు పొందారు. అంతకు ముందు వందల ఏళ్ళపాటు ట్రంపెట్ అంటే వట్టి గొట్టమే. ఒక చివర పెదవులు ఆనించే మూతి, రెండో చివర విచ్చుకున్న గంట. రంధ్రాలు లేవు, మీటలు లేవు. అంటే అచ్చం మన కొమ్మే.

రంధ్రాలు లేని గొట్టంలో స్వరాలు ఎలా వస్తాయి? పెదవులు బిగించి ఊదితే అవి అదురుతాయి. ఆ అదురుతో గొట్టంలోని గాలి కంపిస్తుంది. పెదవులు ఇంకొంచెం బిగిస్తే స్వరం పైకి దూకుతుంది. జారదు, దూకుతుంది. ఎందుకంటే గొట్టం తనకు ఇష్టమైన కొన్ని కంపనాలనే ఒప్పుకుంటుంది. అడుగు కంపనానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతలు, ఇలా ఒక నిచ్చెన లాగా ఉంటాయి అవి.

ఈ నిచ్చెన మెట్లను మన స్వరాల పేర్లతో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి మెట్టు షడ్జమం అనుకోండి. రెండోది పై స్థాయి షడ్జమం. మూడోది దాని మీది పంచమం. నాలుగోది మళ్ళీ షడ్జమం. అయిదోది అంతర గాంధారం. ఆరోది పంచమం. ఏడోది కైశికి నిషాదానికి దగ్గరగా, కాని కాస్త కిందుగా పలుకుతుంది. ఎనిమిదోది షడ్జమం, తొమ్మిదోది చతుశ్శ్రుతి రిషభం, పదోది గాంధారం. కింద మెట్ల మధ్య దూరం ఎక్కువ, పైకి పోయే కొద్దీ మెట్లు దగ్గర పడతాయి. పదకొండో మెట్టు మరీ చిత్రమైనది. అది శుద్ధ మధ్యమం కాదు, ప్రతి మధ్యమం కాదు, రెంటికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది.

మీలో తంబూర శ్రద్ధగా విన్నవారు ఉంటే ఒక సంగతి గుర్తుకు రావాలి. తంబూరలో షడ్జమ పంచమాలే మీటుతారు. అయినా చెవి పెట్టి వింటే గాంధారం దానంతట అదే వినబడుతుంది. అది ఈ నిచ్చెనలోని అయిదో మెట్టే. తంబూర తీగెలో దాగి ఉండేదీ, కొమ్ము గొట్టంలోంచి దూకి వచ్చేదీ ఒకే ధర్మం. మనుషులు కూర్చుని చేసుకున్న కొలత కాదిది, ప్రకృతిలోనే ఉన్న కొలత.

సాధారణంగా మన కొమ్ము వాళ్ళు ఈ నిచ్చెనలో కింది మూడు నాలుగు మెట్ల మీదే నడుస్తారు. పాత యూరపులో కొందరు ట్రంపెట్ వాద్యకారులు మాత్రం ఎనిమిదో మెట్టు దాటి, స్వరాలు దగ్గర దగ్గరగా ఉండే పై భాగానికి ఎక్కి అక్కడ పూర్తి రాగాలే పలికించారు. సరిపడని పదకొండో మెట్టును పెదవి బిగువుతోనే కాస్త పైకో కిందికో వంచేవారు. దీనికి క్లారినో వాదనం అని పేరు. అందుకోసం ఏడు ఎనిమిది అడుగుల గొట్టాన్ని మడిచి చేతిలో ఇమిడేటట్టు చేసేవారు.

ఇలాంటి ట్రంపెట్ల బృందానికి రాసిన రచనల్లో పేరు పొందినది ఇటలీ సంగీతకారుడు మాంటెవెర్డి 1607లో మాంటువా నగరంలో ప్రదర్శించిన ఆర్ఫియో అనే సంగీత నాటకం ప్రారంభంలో ఉంది. అందులో అయిదు వరుసలు ఉంటాయి. కింది వరుసలు నిచ్చెన అడుగు మెట్ల మీద కదలకుండా నిలిచి శ్రుతి పడతాయి. పై వరుసలు మాత్రమే స్వరాలతో పరుగులు తీస్తాయి. మన నాదస్వర కచేరీలో ఒత్తు పట్టేవారు శ్రుతి నిలుపుతూ ఉంటే నాదస్వరం రాగం నడిపినట్టే అన్నమాట.

మరి అంత గొప్ప విద్య ఏమయింది? పోయింది. ఎలా పోయిందో వినండి, ఇది మనకు పాఠం. ఆ కాలంలో రాజాస్థానాల ట్రంపెట్ వాళ్ళు ఒక సంఘంగా ఏర్పడి, 1623లో చక్రవర్తి రెండవ ఫెర్డినాండ్ నుంచి ప్రత్యేక హక్కులు పొందారు. ఎవరు పడితే వాళ్ళు ట్రంపెట్ వాయించడానికి వీలు లేదు. విద్య గురువు దగ్గర శిష్యుడు నేర్చుకోవలసిందే, బయటికి పొక్కకూడదు. రాజులు ఉన్నంత కాలం అది బాగానే సాగింది. పద్ధెనిమిదో శతాబ్దం చివరికి ఆస్థానాలు కుంగిపోయాయి, సంగీతంలో అభిరుచి మారింది, తరువాత వాల్వులు వచ్చాయి. ఒకటి రెండు తరాల్లో పై మెట్ల విద్య అంతరించింది. తరువాతి కాలం వాళ్ళు పాత రచనలు చూసి, ఇవి వట్టి గొట్టం మీద వాయించడం సాధ్యమేనా అని ఆశ్చర్యపోయారు.

దాన్ని తిరిగి తెచ్చింది 1960ల తరం. వారిలో ముఖ్యుడు అమెరికాలో పుట్టి యూరపులో స్థిరపడిన ఎడ్వర్డ్ టార్. ఆయన జీవితకాలం 1936 నుంచి 2020 వరకు. ఆయన ఏ గురువు దగ్గరా ఆ పాత విద్య నేర్చుకోలేదు, ఎందుకంటే నేర్పే గురువే మిగలలేదు. ఆయనకు దొరికినవి కాగితాలు. 1614లో బెండినెల్లి రాసిపెట్టిన పుస్తకం, 1638లో ఫాంటీని అచ్చు వేయించిన పుస్తకం వంటివి. ఎవరో ఒకరిద్దరు ఆ రహస్యాన్ని కాగితం మీద పెట్టబట్టి, మూడు వందల ఏళ్ళ తరువాత మరొకరు దాన్ని చదివి పెదవులతో పరీక్షించుకోగలిగారు.

ఇక్కడే అసలు విశేషం ఉంది. పాత ట్రంపెట్‌ను బతికించిన ఈ టార్, అదే కాలంలో కొలోన్ నగరంలో మౌరీసియో కాగెల్ అనే ప్రయోగవాది రచనల్లో కూడా వాయించారు. కాగెల్ సంగీతంలో ఊపిరి చప్పుడు, గొట్టం గరగర, అన్నీ సంగీతమే. ఒకే మనిషి పొద్దున మాంటెవెర్డీ సాయంత్రం కాగెలూ వాయించడం వింతగా తోచవచ్చు. ఆలోచిస్తే వింత లేదు. మీటలు లేని గొట్టం ముందు నిలిచినవాడికి పెదవి, ఊపిరి, చెవి తప్ప వేరే ఆధారం లేదు. నాదం పుట్టే చోటుకు వెళ్ళి వినడం అతనికి తప్పదు. ప్రయోగ సంగీతం కోరేదీ అదే.

అమెరికాలో లా మాంట్ యంగ్ అనే సంగీతకారుడి కథ మనకు ఇంకా దగ్గరిది. ఆయన 1935లో ఐడహో రాష్ట్రంలో పుట్టారు. చిన్ననాట విన్న విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ హోరు ఆయన మనసులో ఉండిపోయింది. 1962లో ఆయన చైనా కలలు నాలుగు అనే పేరుతో ఒక రచనల వరుస చేశారు. అందులో రెండో కలకు హైటెన్షన్ లైను ట్రాన్స్‌ఫార్మర్ పేరే పెట్టారు. దాన్ని 1984లో ఎనిమిది ట్రంపెట్ల కోసం తీర్చారు. ట్రంపెట్ వాద్యకారుడు బెన్ నీల్ నాయకత్వంలో ఆ బృందం వాయించిన రికార్డు 1991లో వెలువడింది. గంటకు పైగా సాగే ఆ రచనలో ఉన్నవి నాలుగే నాలుగు స్వరాలు. గొట్టాలకు మ్యూట్ అనే మూత బిగించి, ఒకరు ఊదుతుండగా మరొకరు అందుకుంటూ, ఆ నాలుగు స్వరాలనే పట్టి నిలబెడతారు.

నాలుగు స్వరాలతో గంటసేపా అని మీరు అనుకోవచ్చు. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ పక్కన నివసించే శ్రోతలు ఒక పని చెయ్యండి. ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు బయట, దూరంగానే నిలబడి దాని హోరు వినండి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కాబట్టి ఆ హోరు అడుగు స్వరం అందుకు రెట్టింపు, అంటే సెకనుకు 100 కంపనాలు. అమెరికాలో 60 ఆవృత్తులు కాబట్టి అక్కడ 120. కాసేపు నిలబడితే ఆ ఒక్క హోరులోంచే పై మెట్లు ఒక్కొక్కటిగా విడివడి వినబడతాయి. యంగ్ కోరింది అలాంటి వినికిడినే.

ఆయన ఆ వినికిడికి గురువును మన దేశంలో వెతుక్కున్నారు. కిరానా ఘరానాకు చెందిన పండిట్ ప్రాణ్‌నాథ్ 1970లో అమెరికా వెళ్ళినప్పుడు యంగ్ ఆయనకు శిష్యుడై తంబూర పట్టారు. తరువాత జాన్ హాసెల్ అనే ట్రంపెట్ వాద్యకారుడు కూడా అదే గురువు దగ్గర చేరారు. అంతకు ముందు హాసెల్ జర్మనీలో స్టాక్‌హౌజెన్ దగ్గర నవ్య సంగీతం చదివినవారు. గాత్రంలో స్వరం నుంచి స్వరానికి జారే మీండ్‌ను ట్రంపెట్‌లో పలికించడం ఆయన సాధన. మీటలు నొక్కితే స్వరం తెగుతుంది కాబట్టి ఆయన మళ్ళీ పెదవుల దగ్గరికే వెళ్ళారు. ఆయన 2021లో కన్నుమూశారు. జర్మనీలో పనిచేసే డచ్ వాద్యకారుడు మార్కో బ్లావ్, ట్రంపెట్లు మాత్రమే ఉండే మోనోక్రోమ్ ప్రాజెక్ట్ అనే బృందాన్ని నెలకొల్పారు.

మన దేశంలో ఇలాంటి కలయికలు లేవనుకోకండి. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోట పరిసరాల్లో ఇంగ్లీషు బ్యాండు విని, ఆ మెట్లకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. అవి శంకరాభరణ స్వరాలలో నడుస్తాయి. బ్యాండు స్వరక్రమానికి మన సంగీతంలో దగ్గరది అదే కాబట్టి. మన బారామహల్ 1792లో టిప్పు సుల్తాను చేతుల నుంచి ఇంగ్లీషు వారి చేతికి వచ్చింది. వారి దండుతో పాటు బ్యూగిలు, బ్యాండు దక్షిణదేశమంతా తిరిగాయి. ఇప్పటి మన బ్యాండు మేళాలకు మూలం అదే.

కొమ్ము విషయంలో మనకు దగ్గరి ఉదాహరణ కేరళ. అక్కడి పంచవాద్యంలో తిమిల, మద్దెల, ఇడక్క, తాళాలు, కొమ్ము ఉంటాయి. ఇప్పుడు మనం వినే క్రమబద్ధమైన పంచవాద్యం, 1930ల ప్రాంతంలో తిరువిల్వామల వెంకిచ్చన్ స్వామి వంటి మద్దెల విద్వాంసులు పాత గుడి మేళాన్ని సంస్కరించి తీర్చినది. అందులో ఊదే వాయిద్యం కొమ్ము ఒక్కటే. దానితో రాగం పాడించరు. వరుసగా నిలిచిన కొమ్ములు తాళాన్ని నాదంతో నింపుతాయి, ఒక దరువు ముగిసి మరో దరువు మొదలయ్యే చోట గుర్తు చూపుతాయి. త్రిచూరు పూరంలో వేలమంది గంటల తరబడి నిలబడి వింటారు. కొమ్ముకు ఉన్న మూడు నాలుగు స్వరాలు తక్కువ అని అక్కడ ఎవరూ అనుకోరు.

మన దగ్గర? తెలుగులో బాకా ఊదడం అంటే ఒకరిని ఊరికే పొగడడం అనే అర్థం స్థిరపడింది. భాషలోనే ఆ వాయిద్యానికి విలువ తగ్గింది. అయితే పాతకాలం అలా లేదు. పదమూడో శతాబ్దపు శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో ఊదే వాయిద్యాల వరుసలో కాహళ, శృంగం, శంఖం లక్షణాలు చెప్పాడు. కాహళ మూతి ఉమ్మెత్త పువ్వులా విచ్చుకుని ఉంటుందని వర్ణించాడు. ఇక తెలుగు నేలలో కొమ్ముతోనే పేరు పొందిన కథకులు ఉన్నారు, కొమ్ములవారు. వారు గొల్లల వీరగాథ అయిన కాటమరాజు కథను చెప్పేవారు. బెంగళూరులో తెలుగు ఆచార్యులుగా పనిచేసిన తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఆ కథలను సేకరించి ప్రకటించారు. అది పెద్ద సేవ. కాని పుస్తకంలో మాట నిలుస్తుంది, మాటకూ మాటకూ మధ్య ఊదిన కొమ్ము పలుకు నిలవదు.

ఇదీ మన ముందున్న సంగతి. మన కొమ్ము విద్య కాగితం మీద లేదు. ఏ సందర్భానికి ఏ పలుకు, దేవుడు కదిలేటప్పుడు ఏది, తేరు నిలిచేటప్పుడు ఏది, ఎంత సేపు ఊపిరి పట్టాలి, రెండు కొమ్ములు ఒకదాని ఖాళీని మరొకటి ఎలా పూరించాలి, ఇదంతా ఊదేవాళ్ళ పెదవుల్లో, చెవుల్లో ఉంది. వాళ్ళ పిల్లలు కర్మాగారాల్లో షిఫ్టులకు పోతున్నారు. అందులో తప్పేమీ లేదు, బతుకుతెరువు ముఖ్యం. పైగా ఈ విద్య పట్టిన కుటుంబాలకు ఊరు ఇచ్చిన గౌరవం ఏపాటిదో మనకు తెలియనిది కాదు. కాని యూరపులో ఒక విద్య ఎలా పోయిందో ఇందాక విన్నారు. అక్కడ ఒక బెండినెల్లి, ఒక ఫాంటీని రాసిపెట్టారు కాబట్టి తిరిగి వచ్చింది. మన దగ్గర రాసిపెట్టకుండా పోతే, మూడు వందల ఏళ్ళ తరువాత ఎంత తెలివైనవాడు వచ్చినా ఇత్తడి గొట్టం దొరుకుతుంది కాని అందులోని పలుకు దొరకదు.

మనం చేయగలిగింది ఏమిటి? పెద్ద పనులేవీ కావు. ఈసారి జాతరలో కొమ్ము మోగినప్పుడు, దాన్ని హోరు అనుకోకుండా, ఎన్ని మెట్లు ఎక్కుతున్నదో లెక్కపెట్టండి. ఊరేగింపు ముగిశాక ఊదిన పెద్దాయన దగ్గరికి వెళ్ళి, అయ్యా, ఈ పలుకు పేరేమిటి, ఎప్పుడు ఊదుతారు అని మర్యాదగా అడగండి. ఆయన ఒప్పుకుంటే మీ చేతిలోని ఫోనులోనే రికార్డు చెయ్యండి. ఊరు, తేదీ, సందర్భం, పలుకు పేరు మాటతోనే చెప్పి అందులో కలపండి. ఆయన శ్రమకు తగిన ప్రతిఫలం ఇవ్వడం మరిచిపోకండి. పేరు, సందర్భం లేని రికార్డు కొన్నాళ్ళకు వట్టి చప్పుడుగానే మిగులుతుంది.

సంగీతం నేర్చిన యువకులకు మరొక మాట. ప్రయోగం చెయ్యాలని మీకు ఉంటే, కొమ్ము వెనక కీబోర్డు పెట్టి సినిమా పాట వాయిస్తే అది ప్రయోగం కాదు. కొమ్ముకు రాని స్వరాన్ని దాని చేత పలికించబోయి, అది చేతకానిదని అనిపించడమే అవుతుంది. కొమ్ముకు ఏది వచ్చో అక్కడ మొదలు పెట్టండి. వేరు వేరు పొడవుల కొమ్ములు నాలుగు తీసుకోండి. ఒకటి ఆధార షడ్జమం పట్టనివ్వండి, మరొకటి పంచమం. మిగిలిన రెండూ ఒకదానికొకటి జవాబు చెప్పుకోనివ్వండి. మాంటెవెర్డి అయిదు ట్రంపెట్లను నడిపింది ఇంచుమించు ఈ పద్ధతిలోనే.

రెండు కొమ్ములు పూర్తిగా ఒకే శ్రుతిలో లేవే అని దిగులుపడవద్దు. ఒకటి సెకనుకు 200 కంపనాలతో, ఇంకొకటి 203తో పలికితే, వాటి మధ్య సెకనుకు మూడుసార్లు లేచి పడే ఒక అల వినబడుతుంది. శ్రుతి చేసేవారు ఆ అల పోయేదాకా సవరిస్తారు. ప్రయోగ బృందాల వారు కొన్నిచోట్ల ఆ అలనే కావాలని నిలిపి, దాన్నే లయగా వాడుకుంటారు. మన జాతరలో జోడు కొమ్ములు కలిసి ఊదినప్పుడు ఒళ్ళు జలదరించడానికి ఒక కారణం కూడా అదే. అక్కడి వారు ఎంతో చదివి, ఎన్నో పరీక్షలు చేసి చేరుకున్న చోట మన కొమ్ము వాళ్ళు ఎప్పటి నుంచో నిలబడి ఉన్నారు.

ఈసారి మీ వీధిలోకి దేవుడు వచ్చినప్పుడు తలుపు తీసి కొబ్బరికాయ ఇవ్వడంతో పాటు, ముందు నడిచే కొమ్ము వైపు కూడా ఒక నిమిషం చెవి పెట్టండి. పిల్లలను కూడా పిలిచి వినిపించండి.